ఆటస్థలములలోని చెట్లు



అమెరికాదేశమున డిస్క్ గాల్ఫ్ అను నొక యాట గలదు. చిన్న పళ్లెము వంటి గట్టి ప్లాస్టిక్ చక్రమును విసరి, దూరముననున్న గొలుసుల బుట్టలో పడవేయవలెను. తక్కువసార్లు విసరి బుట్టకు చేర్చినవారిదే గెలుపు. 1975లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఓక్ గ్రోవ్ అను తోటలో ఎడ్ హెడ్రిక్ అను నాతడు దీనికి మొదటి స్థిరమైన క్రీడాస్థలము నేర్పరచెను. దీనికి ప్రత్యేకముగా పెంచిన పచ్చిక మైదానములతో పని లేదు. చెట్లున్న తోటయే చాలును. చెట్ల నడుమనుండి చక్రమును వంపు త్రిప్పి పోనిచ్చుటయే యిందలి నేర్పు.

చిక్కంతయు నక్కడనే యున్నది. చక్రము 150 మొదలు 180 గ్రాముల వరకు తూగును; అంచు గట్టిది; వేగము మిక్కుటము. ఒక్క దెబ్బకు చెట్టున కేమియు గాదు. కాని విసరు చోటు మారదు, బుట్ట మారదు, దారిలోని చెట్టును కదలదు. దినదినము అదే చెట్టునకు, అదే వైపున, మనిషి రొమ్మెత్తున దెబ్బలు తగులుచుండగా కొన్నియేండ్లకు బెరడు నలిగి లేచిపోవును. లేత చెట్లకును, పలుచని బెరడుగల చెట్లకును ఈ బాధ మఱింత యెక్కువ. బుట్ట చుట్టును ఆటగాండ్రు త్రొక్కి త్రొక్కి నేల బండవారును. ఆడువారిలో నొక్కరికైనను చెట్టును చంపవలెనను తలంపు లేదు. చెట్టు నీడనే వారికి కావలసినది.

మా అక్కన్నపేటలో ఈ యాట నాడువారు లేరు. ఐనను ఇందలి కథ మన కెఱుగనిది కాదు. మన పిల్లలు క్రికెట్టాడుటకు మూడు కఱ్ఱలు దొరకనిచో నేమి చేయుదురు? వేపచెట్టు మొదట బొగ్గుతో మూడు గీతలు గీయుదురు. బొగ్గు చెరిగిపోవునని కొందఱు మేకుతో గీయుదురు. ఆ గీతలమీదనే బంతి వచ్చి తగులును. మా వారు పని చేయు పాఠశాలలోని వేపచెట్టు ఆట వైపున బెరడు లేక, కఱ్ఱ బయటపడి, నున్నగా నున్నది. వెనుకవైపు మాత్రము చక్కగా నున్నది. గత వేసవి గాలికి కొమ్మ యొకటి విఱిగి పడగా, చెట్టు పుచ్చినది, కొట్టివేయుడని పెద్దలు కొందఱు పలికిరి. దాని నీడ పోయినచో మధ్యాహ్నభోజనమునకు పిల్లలు కూర్చుండు చోటు వేఱొకటి లేదు.

చెట్టునకు బెరడు మన చీర వంటిదని పలువుర తలంపు. బెరడు చర్మము వంటిది, అంతకంటెను ముఖ్యమైనది. పై బెరడునకు లోపలనే ఆకులలో వండిన యాహారమును వేళ్లకు చేర్చు పొర గలదు. దాని క్రింద కాగితమువలె పలుచనై, చెట్టును లావెక్కించు జీవపుపొర యున్నది. ఆ లోపలి కఱ్ఱలో నీరు పైకి బోవును. బెరడు చుట్టును పూర్తిగా ఊడినచో వేళ్లకు తిండి యందదు. ఆకులు కొంతకాలము పచ్చగనే యుండి మనలను మోసపుచ్చును గాని లోపల వేళ్లు ఆకలితో మాడుచుండును. దండెము కట్టిన ఇనుపతీగె చెట్టు లావెక్కిన కొలది లోనికి దిగి చేయు పనియు నిదియే. తాటిచెట్టునకును ఈతచెట్టునకును ఈ జీవపుపొరయే లేదు. కావున వాని మొండెముమీది గాటు బ్రతికినన్నాళ్లును గాటుగనే యుండును.

మఱియొక సంగతి. మన చేతి గాయము మానినట్లు చెట్టు గాయము మానదు. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొలది మొండెములను కోసి చూచి దీనిని విశదపఱచెను. చెట్టు చెడిన భాగమును లోపల గోడలు కట్టి వేఱుచేసి, పైన క్రొత్త కఱ్ఱను పెంచి మూసివేయును. ఆ గాయము లోపల నిలిచియే యుండును. గోడ కట్టుటకు చెట్టు తన నిలువ తిండిని వెచ్చింపవలెను. ఒక గాయమును మూయుచుండగనే రెండవ దెబ్బ, మూడవ దెబ్బ తగిలినచో పాప మేమి చేయును? శిలీంధ్రములును చెదలును ఆ ద్వారముననే ప్రవేశించును.

దీనికి మన దేశములోనే గొప్ప నిదర్శనము గలదు. మహబూబ్‌నగరము చెంతనున్న పిల్లలమర్రిని చూడనివారైనను వినియుందురు. (సూర్యాపేట దగ్గఱి దేవాలయముల పిల్లలమర్రి వేఱు.) ఏడువందల యేండ్లదని చెప్పుకొను ఈ మఱ్ఱిచెట్టు మూడెకరములకు మించి వ్యాపించి, ఏది తల్లిమానో ఏది పిల్లమానో తెలియకుండ ఊడలు దింపి నిలిచినది. విహారమునకు వచ్చినవారు కొమ్మలు పట్టి ఊగిరి. మొండెములమీద పేళ్లు చెక్కిరి. ప్రేమికుల పేళ్లకు మఱ్ఱిమాను కంటె మంచి కాగితము దొరకలేదు కాబోలు! లోపల చెదలు పట్టెను. 2017 డిసెంబరులో పెద్దకొమ్మ యొకటి కూలగా అధికారులు సందర్శకులను నిలిపివేసిరి. మందు నెక్కించుటకు మొదట మానునకు రంధ్రములు చేసిరి గాని మందు నిలువక వెలికి వచ్చెను. అంతట 2018లో, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు, క్లోరోపైరిఫాస్ అను చెదలమందును నీటిలో పలుచగా కలిపి, సీసాలను వందలకొలది కొమ్మలకు వ్రేలాడదీసి బొట్టుబొట్టుగ నెక్కించిరి. క్రుంగిన కొమ్మలకు ఊతగా స్తంభములు నిలిపిరి. లేత ఊడలు నేలను చేరుటకు గొట్టములు తొడిగిరి. చెట్టు బ్రతికినది. 2025 మే నెలలో ప్రపంచసుందరి పోటీకి వచ్చిన యువతులు దానిని దర్శించిరి. ఏడువందల యేండ్ల తల్లికి సెలైను సీసాలు కట్టవలసి వచ్చుట నాకు మాత్రము సిగ్గుగా తోచినది.

చెట్టును కొట్టివేయుటకు అనుమతి కావలెనని 2002 నాటి వాల్టా చట్టము చెప్పుచున్నది. ఊగుటకును, గీయుటకును, బంతి కొట్టుటకును అనుమతి అడుగువారెవరు? గొడ్డలి దెబ్బ యందఱికిని కనబడును. ఈ దెబ్బలు కనబడవు.

ఇక మన యాడువారి చేతనున్న సంగతి యొకటి చెప్పెదను. జమ్మి మన తెలంగాణ రాష్ట్రవృక్షము. పాండవులు అజ్ఞాతవాసమునకు బోవుచు తమ యాయుధములను దాచినది దీనిపైననే. దసరానాడు జమ్మియాకు 'బంగారము' పేర పంచుకొని పెద్దలకు మ్రొక్కుట మన కెంతో ప్రియమైన యాచారము. కాని ఊరికొక్క జమ్మియున్న చోట ఆ సాయంత్రము దాని గతి చూచితిరా? ఆకు కావలసినవారు కొమ్మను పట్టి లాగుదురు. కొమ్మ విఱుగుటతో బెరడు మొండెము వఱకు చీరికవలె చీలి వచ్చును. పదునైన కత్తితో చిన్న రెమ్మను కణుపు దగ్గఱ కోసినచో చెట్టు సులభముగా మూసికొనును. లాగి చీల్చినచో ఏండ్లు పట్టును. ఇద్దఱు మనుష్యులు ముందుగనే రెమ్మలు కోసి గంపలో నుంచి పంచినచో పండుగకు లోటేమున్నది?

ఇంటిచెట్టు విషయమునను ఇట్టివే కొన్ని గలవు. మొదట ఆకులు తగులబెట్టరాదు. ఆ వేడికి బెరడు లోపల ఉడికిపోవును. మొండెమునకు చుట్టును సిమెంటు గద్దె కట్టినచో వేళ్లకు గాలియు నీరును అందవు. తిండిని నీటిని పీల్చు సన్నని వేళ్లు చాలవఱకు పై మూరెడు మంటిలోనే యుండునని మఱువరాదు. పశువు పలుపు చెట్టునకు గాక రాటకు కట్టవలెను. గాయమునకు తారును, రంగును పూయుటవలన కుళ్లు ఆగదని షైగో పరిశోధనలే తేల్చినవి. తొఱ్ఱను సిమెంటుతో నింపుటయు మేలు చేయదు. నలిగిన బెరడు అంచులను మాత్రము పదునైన కత్తితో నున్నగా దిద్ది, మరల దెబ్బ తగులకుండ చూచినచో తక్కిన పని చెట్టే చేసికొనును. 2021లో తెలంగాణమందంతట వేపలు ఫోమాప్సిస్ అను శిలీంధ్రమువలన కొనలనుండి ఎండి, జనులు భయపడినది మీకు జ్ఞాపకముండును. అవి చాలవఱకు తామే మరల చిగిర్చినవి గదా!

డిస్క్ గాల్ఫ్ క్రీడాస్థలములను చూచుకొనువారు అడ్డముగా నున్న చెట్ల మొండెములకు రక్షణగా కవచము కట్టుదురు. బుట్టలను అప్పుడప్పుడు వేఱొక చోటికి మార్చి త్రొక్కుడుపడిన నేలకు విశ్రాంతి నిత్తురు. చెట్టు చుట్టును కఱ్ఱపొట్టు పఱతురు. మా పాఠశాలలోను ఇటీవల నిట్టి యేర్పాటే జరిగినది. పిల్లలకు వెదురుకఱ్ఱలు మూడు కోసియిచ్చిరి. ఆట ప్రహరీగోడ వైపునకు మాఱినది. చెట్టు చుట్టును ఎండుటాకులు పఱచి, చెదలు చేరకుండ మొండెమునకు జేనెడు ఎడము విడిచిరి. కొట్టివేయు మాట వచ్చే వేసవి వఱకు వాయిదా పడినది. బెరడు లేని చోట రెండు అంచులనుండియు వ్రేలెడు వెడల్పున క్రొత్త బెరడు లోనికి ప్రాకుచున్నదని మొన్న మా వారు కొలిచి చెప్పిరి.