చక్రం మారితే కారు నడత మారుతుంది

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు మొట్టమొదట మార్చేది తరచూ చక్రాలనే. ఇంజన్ జోలికి వెళ్లాలంటే డబ్బూ కావాలి, పనితనమూ కావాలి. చక్రాలైతే నట్లు విప్పి బిగిస్తే గంటలో పని అయిపోతుంది, కారు రూపమే మారిపోతుంది. ఇంత తేలిగ్గా జరిగే పని కాబట్టి దాన్ని అలంకారం కిందే జమకడతారు. కానీ ఇంజన్ శక్తి రోడ్డుకు చేరేది, బ్రేకు పట్టు దొరికేది, మలుపు తిరిగేది అంతా చక్రం మీదుగానే. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఎంతో చక్రమూ సస్పెన్షన్‌లో అంతే భాగం. అందుకే కంపెనీ వీల్స్ తీసి బయటివి వేసినా, బయటివి తీసి మళ్లీ కంపెనీవి వేసినా కారు స్వభావం మారుతుంది. మంచికి మారిందా చెడుకా అన్నది చక్రం అందం చెప్పదు. దాని బరువు, వ్యాసం, ఆఫ్‌సెట్ చెబుతాయి.

దీనికి మాజ్దా ఎంఎక్స్-5 కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల కారును అమెరికాలో మియాటా అంటారు. ఇంజన్ 1.6 లీటర్లు, శక్తి 116 హార్స్‌పవర్, బరువు వెయ్యి కిలోల లోపే. శక్తి తక్కువ కాబట్టి ఆనందమంతా తేలికదనంలోనే ఉండాలని దాని ఇంజనీర్లు లెక్కవేసుకున్నారు. దానికి వేసిన 14 అంగుళాల అల్లాయ్ చక్రం ఒక్కొక్కటి సుమారు 5.5 కిలోలే తూగుతుంది. దాన్ని తీసి 17 అంగుళాల మామూలు పోత చక్రం వేస్తే ఒక్కోదానికి మూడు, నాలుగు కిలోలు సునాయాసంగా పెరుగుతాయి. మొత్తం కారు బరువులో ఇది స్వల్పమే. నిలిచిన చోటు నుంచి కదిలే వేగంలో తేడా కనిపెట్టడమూ కష్టమే. అసలు నష్టం ఎగుడుదిగుడు రోడ్డు మీద తెలుస్తుంది. గతుకు తగిలి పైకి లేచిన చక్రాన్ని స్ప్రింగు తిరిగి రోడ్డుకు అదమాలి. చక్రం ఎంత బరువైతే ఆ తిరుగు రాక అంత ఆలస్యం. ఆ క్షణంలో టైరుకు రోడ్డు మీద పట్టు సడలుతుంది. మలుపులో ఉన్న కారుకు కావలసింది సరిగ్గా ఆ పట్టే.

వ్యాసం సంగతీ చూడాలి. మియాటాకు కంపెనీ ఇచ్చిన 185/60 ఆర్14 టైరు మొత్తం ఎత్తు సుమారు 578 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ముకు 205/40 టైరు వేస్తే అది 596 అవుతుంది, అంటే 3 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 97 చూపుతున్నప్పుడు కారు నిజంగా 100 మీద పోతుంటుంది. ప్రతి గేరూ ఆ మేరకు బరువెక్కుతుంది. టైరు పక్కగోడ 111 మిల్లీమీటర్ల నుంచి 82కు తగ్గిపోవడంతో గతుకు దెబ్బ నేరుగా రిమ్ముకూ నడిపేవాడి నడుముకూ తగులుతుంది. మియాటా మన దేశంలో అధికారికంగా అమ్మకానికి రాలేదు గానీ, చిన్న కార్లకు రెండంగుళాలు పెంచి చక్రాలు వేసే మన అలవాటుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

కంటికి కనిపించనిది ఆఫ్‌సెట్. హబ్‌కు ఆనుకునే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎంత దూరాన ఉందో చెప్పే కొలత అది. మియాటాలో అది 45 మిల్లీమీటర్లు. ఫెండరు అంచుదాకా నిండుగా కనిపించాలని 25 ఆఫ్‌సెట్ చక్రం వేస్తే టైరు 20 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. స్టీరింగ్ తిరిగే అక్షానికీ టైరు మధ్యకూ దూరం పెరిగి, రోడ్డు మీది ప్రతి గాడీ చేతిలోని స్టీరింగును లాగుతుంది. బేరింగుల మీద ఒత్తిడి పెరుగుతుంది. స్ప్రింగులు ముందుకన్నా మెత్తబడినట్టు ప్రవర్తిస్తాయి. నా దృష్టిలో మూడింటిలోనూ ఎక్కువ చెరుపు చేసేది ఇదే, ఎందుకంటే చాలామంది దుకాణంలో దీని గురించి అడగనే అడగరు.

బయటి చక్రాలన్నీ చెడ్డవేనా అంటే కాదు. జపాన్‌కు చెందిన రేస్ (Rays) అనే కంపెనీ 1996లో తెచ్చిన, పోత పోయకుండా లోహాన్ని ఒత్తి చేసిన (ఫోర్జింగ్) చక్రం టీఈ37కు ఆ పేరు వచ్చిందే 15 అంగుళాల చక్రం 3.7 కిలోలు తూగినందువల్ల. మియాటా సొంత చక్రం కన్నా పెద్దది, అయినా తేలిక. పెద్ద బ్రేకులకు చోటు కావాలన్న వాదనా న్యాయమైనదే, కానీ దానికి 17 అంగుళాలు అక్కర్లేదు. 15 అంగుళాల రిమ్ముకు 195/50 టైరు వేస్తే మొత్తం ఎత్తు 576 దగ్గరే నిలుస్తుంది. అమెరికాలో మియాటాలే పోటీపడే స్పెక్ మియాటా రేసులు నడిచేది 15 అంగుళాల చక్రాలతోనే. వెడల్పు టైరు పట్టు పెంచుతుందన్న మాట పొడి ట్రాక్ మీద నిజం. నిలిచిన వాన నీళ్లలో అదే టైరు త్వరగా తేలిపోతుంది. పట్టే కావాలంటే కంపెనీ చక్రానికే మంచి రబ్బరు టైరు వేయడం ముందు చేయాల్సిన పని. ఇక పేరున్న చక్రాలకు అచ్చం వాటిలాగే కనిపించే నకళ్లున్నాయి. చూపులో తేడా తెలియదు, తూకంలో, బలంలో తెలుస్తుంది.

మాజ్దా సైతం 2015లో అమ్మకానికి తెచ్చిన నాలుగో తరం ఎంఎక్స్-5లో, అంతకుముందున్న ఐదు నట్ల బదులు చక్రానికి మళ్లీ నాలుగు నట్లే పెట్టింది, బరువు తగ్గించడానికి. అంత లెక్కగా పుట్టిన కారును తిరిగి కంపెనీ చక్రాల మీదికి తెచ్చేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. బయటి చక్రాల కోసం హబ్‌కు తొడిగిన రింగులు అక్కడే ఉండిపోతే కంపెనీ చక్రం సమంగా కూర్చోదు. నట్టు ఆనే అంచు ఏటవాలుగా ఉండాల్సిన చోట గుండ్రటిది వాడితే ఎంత బిగించినా వదులవుతుంది. ఏళ్ల తరబడి మూలన పడున్న రిమ్ము వంగిందేమో బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పి చూడాలి. టైరు మీది నాలుగంకెలు అది ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి, అవీ చదవాలి. నట్లను టార్క్ రెంచితో బిగించి, వంద కిలోమీటర్లలోపే మరోసారి సరిచూడాలి.

కారుతో వచ్చిన చక్రాలను అమ్ముకోకండి. కొత్తవి కొనేముందు బరువెంత, ఆఫ్‌సెట్ ఎంత అని అడగండి. ఆ రెండూ చెప్పలేని దుకాణంలో కొనకండి.