గోడ అవతల ఎవరున్నారు?

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఊరికే అనలేదు. గోలకొండ చూడబోయిన ప్రతివారూ ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి మరీ వస్తారు. ఆ చప్పుడు సుమారు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలాహిస్సారులో వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవారికి తెలియాలని కట్టినవారు బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు అది. మన నిజామాబాదులోని కొన్ని డాక్టరు గదుల్లో మాత్రం, ఎవరూ ఏ ఏర్పాటూ చేయకుండానే, లోపలి మాట బయటి బెంచీ దాకా నడిచి వచ్చేస్తోంది.

నేను చెప్పేది జ్వరానికీ దగ్గుకూ వెళ్ళే డాక్టరు సంగతి కాదు. మనసు బాగాలేదని వెళ్ళే డాక్టరు సంగతి. జ్వరమైతే థర్మామీటరు చెబుతుంది, చక్కెర జబ్బయితే రక్తం చెబుతుంది. ఈ వైద్యంలో అలా కాదు. రోగి నోరు విప్పితేనే డాక్టరుకు దారి తెలుస్తుంది. ఆ నోరు విప్పటానికి మొదట కావలసింది మందుచీటీ కాదు, గోడ!

మరి గోడలు ఎలా ఉన్నాయంటారా? ఒక మెడికల్ షాపు, దాని పక్కన ఇరుకు మెట్లు, పైన ఒక పొడుగాటి హాలు. ఆ హాలు బట్టల దుకాణం కోసమో, ట్యూషన్ల కోసమో కట్టింది. అద్దెకు తీసుకున్నవారు ప్లైవుడ్ చెక్కలతో దాన్ని మూడు ముక్కలు చేస్తారు. ముందు జనం కూర్చునేది, తరువాత డాక్టరు గది, ఆ పక్కన కౌన్సెలింగు గది. ఇటుక గోడ కడతామంటే ఇంటి యజమాని ఒప్పుకోడు. రేపు ఖాళీ చేస్తే ఆ గోడ ఎవరు కూలగొట్టాలని ఆయన బాధ. అదీ న్యాయమే కాబోలు.

మా చుట్టాలబ్బాయికి నిద్ర పట్టటం లేదంటే, తోడుగా నేను అలాంటి ఒక చోటికి వెళ్ళాను. ఏ వీధి, ఏ డాక్టరు అని అడగకండి, నేను చెప్పను. మా వంతు రావటానికి గంట పట్టేట్టుంది. కూర్చుని గోడమీది క్యాలెండరు చదువుతున్నాను. ఇంతలో చెక్క అవతలి నుంచి కౌన్సెలరు గొంతు, నా పక్కనే కూర్చున్నట్టుగా వినిపించింది.

"కల్లు అలవాటు ఉన్నదా అమ్మా? రోజుకు ఎన్ని సీసాలు?"

కాసేపు ఏమీ లేదు. తరువాత ఒక ఆడమనిషి గొంతు. "నాకసొంటి అలవాటు లేదు సార్."

నా ఎదుటి బెంచీ మీద ఆమె బావగారూ, యారాలూ కూర్చుని ఉన్నారు. బోధన్ వైపు నుంచి వచ్చారట. ఆ ప్రశ్న వాళ్ళూ విన్నారు, నేనూ విన్నాను, మందుల చీటీ పట్టుకు నిలబడ్డ కాలేజీ కుర్రవాడూ విన్నాడు. యారాలు మూతి ఒక పక్కకు తిప్పుకున్నది. అందరం ఒక్కసారిగా క్యాలెండరు వైపు చూశాం.

ఆమె బయటికి వచ్చి, చీటీలు పిలిచే ఆయమ్మ దగ్గర ఆగింది. "అక్కా, లోపల జెప్పేది బయటికి ఇనవడ్తదా?" అని మెల్లగా అడిగింది. ఆయమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. చెక్క వైపు చూసి ఊరుకున్నది. తరువాత లోపలికి వెళ్ళి ఏం చెప్పిందో ఏమో, డాక్టరుగారే బయటికి వచ్చారు. "అందరూ కిందికి పోయి చాయ్ తాగి రండి, పదిహేను నిమిషాలు," అన్నారు. బావగారు కదలలేదు. "మీరు కూడా," అన్నారు డాక్టరుగారు. అందరం దిగాం. ఆ పావుగంటలో ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. తెలియకపోవటమే కావలసింది.

ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు ఎందుకంత ముఖ్యమో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. చెట్టు కల్లు వేరు, సీసాలో వచ్చే మందు కల్లు వేరు. ఆ రెండో దాంట్లో క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, ఆల్ప్రాజొలాం వంటివి కలుపుతూ ఎందరో పట్టుబడ్డారు. 2015లో ప్రభుత్వం గట్టిగా దాడులు చేయగానే సరఫరా ఆగింది. వెంటనే నిజామాబాదు ఆసుపత్రికి జనం వరసగట్టారు. కొందరికి ఫిట్లు, కొందరికి చేతుల వణుకు, కొందరు లేనిపోనివి కనిపిస్తున్నాయని కేకలు. అలవాటు పడ్డ ఒంటికి ఆ మందు ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణానికే ముప్పు. అందుకే డాక్టర్లు కొలత చూసి, రోజులమీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. రోజుకు ఎన్ని సీసాలో తెలియందే ఆ కొలత ఎలా కుదురుతుంది? "అలవాటు లేదు" అని ఆమె చెప్పిన మాటే చీటీలో పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పలచని చెక్క ఎంత పని చేయబోయింది!

ఇంకా కల్లు ఒక్కటేనా? అదే 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. 1937లో నిజాం సర్కారు నాడు పుట్టిన ఫ్యాక్టరీ అది. తాతా, తండ్రీ, కొడుకూ అందులోనే పనిచేసిన ఇళ్ళున్నాయి. జీతం ఆగిన మగవాడి కుంగుబాటు, గల్ఫుకు వెళ్ళినవాడి భార్య ఒంటరితనం, బీడీలు చుట్టే తల్లి అప్పుల బెంగ, వీటిలో ఏదీ పదిమంది ముందు చెప్పుకునేది కాదు. పట్నంలో అయితే పక్క బెంచీవాడెవడో మనకు తెలియదు. ఇక్కడ పక్క బెంచీవాడు మన వియ్యంకుడి తమ్ముడై ఉంటాడు.

గోడల సంగతి తెలిసిన ఒక రిటైర్డు ఇంజనీరుగారిని పట్టుకుని నా సందేహాలన్నీ తీర్చుకున్నాను. ఆయన చెప్పింది మీకూ ఉపయోగమని వ్రాస్తున్నాను. మామూలుగా ఎదురెదురుగా మాట్లాడుకుంటే శబ్దం రమారమి 60 డెసిబెళ్ళు. రెండు వైపులా సున్నం, సిమెంటు పూసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ అందులో 50 దాకా మింగేస్తుంది. అవతలివారికి ఏమీ అందదు. పలచని ప్లైవుడ్ ఒక్క పలక మింగేది అందులో సగం కూడా ఉండదు. శబ్దానికి అడ్డు బరువే. బరువు రెట్టింపయితే ఐదారు డెసిబెళ్ళు తగ్గుతాయి. బరువు పెంచే వీలు లేకపోతే, రెండు పలకలు ఎడంగా నిలబెట్టి, మధ్య రాక్‌వూల్ కూరితే అదే బరువుకు చాలా ఎక్కువ లాభం.

అయితే అసలు దొంగ గోడ కాదట, తలుపు! మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపు కింద ఒక్క అంగుళం సందు ఉన్నదనుకోండి. లెక్క వేస్తే అది తలుపులో వందో వంతుకు కాస్త ఎక్కువ. అంతే గదా అనుకుంటాం. కాని వందో వంతు ఖాళీ ఉంటే, మిగతాది ఉక్కుతో చేసినా 20 డెసిబెళ్ళకు మించి ఆగదు. నీళ్ళ తొట్టికి చిల్లు పడ్డాక తొట్టి మందం ఎంతయితేనేం? తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద సందును మూసే పట్టీ, వీటి ఖర్చు బయటి హాల్లో పెట్టిన టీవీ ఖర్చులో ఎన్నో వంతు కాదు.

రెండో దొంగ నెత్తిమీద ఉంటాడు. చెక్క గోడ ఫాల్సు సీలింగు దాకా వచ్చి ఆగిపోతుంది. పైన స్లాబు దాకా ఖాళీయే. మాట అక్కడ ఎక్కి, పక్క గదిలో దిగుతుంది. గోడ స్లాబును తాకి తీరాలి.

ఇక స్పాంజి పలకలు, కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించి నిశ్చింతగా ఉండేవారున్నారు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ అనే ఆచార్యుడు 1895లో ఈ సంగతి మొదలుపెట్టాడు. అక్కడ ఒక ఉపన్యాసశాలలో మాట ప్రతిధ్వనించి ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన రాత్రిళ్ళు పక్క నాటకశాల నుంచి కుర్చీ మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలకు ఎంత ప్రతిధ్వని తగ్గుతుందో కొలిచాడు. మెత్త పని అదే, గది లోపలి మోత తగ్గించటం. అవతలికి పోయే మాటను ఆపటం దాని వల్ల కాదు. వియన్నాలో ఫ్రాయిడు తన రోగులను చూసే గదికి మెత్త గుడ్డ వేసిన జంట తలుపులు పెట్టుకున్నాడు. అక్కడ పని చేసింది రెండు తలుపులు, వాటి మధ్య గాలి.

ఇంజనీరుగారు చెప్పిన మరో కిటుకు నాకు బాగా నచ్చింది. మాటను ఆపలేకపోతే ముంచేయాలట! శక్కర్‌నగర్‌లో చెరకు ఆడే రోజుల్లో, మిల్లు హోరులో పక్క క్వార్టరు కొట్లాట వినపడేది కాదనీ, ఫ్యాక్టరీ ఆగాక చెంచా పడ్డా తెలుస్తోందనీ అక్కడివారు చెప్పగా విన్నాను. అదే సూత్రం. ఒక ఫ్యానో, ఒకే తీరున హుష్ మనే చిన్న యంత్రమో తలుపు బయట, వినేవారి వైపు పెట్టాలి. లోపల పెడితే లాభం లేదు. కౌన్సెలరే గొంతు పెంచుతాడు. టీవీ అసలే పనికిరాదు. సీరియలులో ఏడుపు ఆగిన క్షణంలో లోపలి ఏడుపు బయటపడుతుంది.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. రోగి సంగతులు గోప్యంగా ఉంచటం రోగి హక్కని అందులో స్పష్టంగా ఉన్నది. గోడ ఎంత మందం ఉండాలో మాత్రం వ్రాసి లేదు. కాబట్టి అడగవలసింది మనమే. "లోపలి మాట బయటికి వినిపిస్తుందా?" అని ఆమె అడిగినట్టు, డాక్టరు ఫీజు అడిగినంత మామూలుగా అడగవచ్చు. పిల్లవాణ్ణో, ఇంటి ఆడవారినో తీసుకువెళ్ళిన పెద్దలు, పేరు పిలవగానే లేచి మెట్లు దిగితే మరీ మంచిది. కాపలా కాసినట్టు తలుపు పక్కనే కూర్చోవటం ప్రేమే అనుకుంటాం గాని, లోపలివారికి అది ఇంకొక గోడ.

డాక్టరు దాకా పోలేనివారికి టెలిమానస్ అని 14416 నంబరు ఉన్నది. 2022 అక్టోబరు 10న మొదలయింది. ఫోనుకు గోడతో పనేమిటి అనుకుంటాం. ఇల్లు ఉన్నది గదా! రెండు గదుల ఇంట్లో అత్తగారి పక్కన కూర్చుని ఆ నంబరుకు ఏం చెప్పగలరు? ఈ మాటే బోధన్ దగ్గర ఒక రైతుతో అన్నాను. ఆయన ఆ నంబరుకు రెండుసార్లు మాట్లాడాడట. చెరకు తోటలోకి వెళ్ళి మాట్లాడితే సరి గదా, నిలువెత్తు పైరు ఉన్నదిగా అన్నాను. ఆయన నవ్వాడు.

"చెరుకుల ఎవడు కూసున్నడో మనకేం ఎరుక సారూ? నేనైతే నిజాంసాగర్ కాల్వ కట్ట మీదికి వోత. నాలుగు దిక్కులు కనవడ్తయి. ఎవడన్న అస్తుంటే దూరంకెల్లే తెలుస్తది."