అడ్డపొగ రుచి

సిగార్ గదుల గురించి రాయమన్నారు. ఉద్దానం ఉప్పుగాలిలో చుట్ట నిప్పును నోట్లోకి తిప్పుకున్న మా ఆడవాళ్ల గురించి రాస్తున్నాను.

బోర్బన్, సిగార్ ఆస్వాదించడం మీద ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు సోమవారం చెప్పారు. శుక్రవారం పొద్దుటికల్లా పేజీలు అచ్చుకు వెళ్లాలి. నగరంలో ఒక సిగార్ గదిలో రెండు గంటలు కూర్చున్నాను. అక్కడివాళ్లు చెప్పిన వాటిలో ఒక్క మాట మనసులో ఉండిపోయింది. సిగార్ పొగను గుండెల్లోకి దించరట. నోట్లోనే నిలిపి అంగిలితో రుచి చూస్తారట. ఆ మాట వినగానే మా అమ్మమ్మ కళ్లముందు నిలిచింది. ఒక సిగార్ కొని జేబులో పెట్టుకుని, మర్నాడు విశాఖలో పలాస ప్యాసింజరు ఎక్కి హరిశ్చంద్రపురంలో దిగాను.

తిలారుకీ కోటబొమ్మాళికీ మధ్య చిన్న స్టేషను ఇది. ఒకప్పుడు ఈ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. పునర్విభజన తర్వాత, 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గం పోయింది. పేరు మాత్రం స్టేషన్ బోర్డు మీద ఉంది. సత్యం కోసం ఆలుబిడ్డల్ని అమ్ముకున్న రాజు పేరది. నిప్పు కొసను నోట్లోకి తిప్పుకుని తాగే అడ్డపొగ గురించి ఉన్నదున్నట్టు రాయాలని ఆ బోర్డు కిందే అనుకున్నాను. అందులో సుఖం ఉంది, చావూ ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ అరుగు మీదికి వచ్చేది. సంతలో కొన్న పొగాకు కట్ట విప్పి, ఆకు వాసన చూసి, నీళ్లు చిలకరించి మెత్తబరిచేది. నడిమి ఈనెను గోటితో చీల్చి తీసేది. చిల్లు లేని ఆకును పైచుట్టుకు దాచి, తునకలన్నీ లోపల పేర్చి, అరచేతి కింద దొర్లించి, కొసకు దారం చుట్టేది. లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైఆకు అని సిగార్‌కు మూడు పొరలుంటాయని నగరంలో నాకు బొమ్మ గీసి చూపించారు. అమ్మమ్మ చేతుల్లో ఆ పనంతా చూస్తూ పెరిగినవాణ్ణి నేను.

వెలిగించాక ఒకటి రెండు దమ్ములు అందరిలాగే లాగేది. నిప్పు బాగా రాజుకుందని చూసుకుని, చుట్టను తిప్పి వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకునేది. పెదాలు మూసుకునేవి. బయటికి కనిపించేది చల్లటి కొసే. గాలి ఆ కొస నుంచి లోపలి నిప్పుకు అందుతుంది, పొగ నోరంతా నిండుతుంది, ఉమ్మి తడికి ఆకు మెల్లగా కాలుతుంది. కాలదా అని అడిగితే, "కాల్నిస్తే గదా కాలీది! నాలిక్కి తెల్దేటి?" అనేది.

ఈ అలవాటు ఎందుకొచ్చిందంటే తీరంలో తలో మాటా చెబుతారు. సముద్రపు గాలికి బయటి నిప్పు నిలవదు, చుట్ట ఊరికే కాలిపోతుంది. చెరువులో బట్టలుతికేటప్పుడు నీళ్లు పడి ఆరిపోతుంది. చంకలో పిల్ల ఉంటే నుసి మీద పడుతుంది. చలికాలం తెల్లవారుజామున లోపల వెచ్చగా ఉంటుంది. నాకు అన్నీ నిజమే అనిపిస్తాయి. అమ్మ నుంచి కూతురికి వచ్చిన విద్య ఇది. సార్డీనియాలో, పనామాలో, కొలంబియాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఆడవాళ్లు ఇలాగే కాల్చారు. ఒకరినొకరు ఎన్నడూ చూసుకోని సముద్రతీరాల మనుషులకు ఒకే ఉపాయం తోచింది.

ఈ వారమంతా నేను విడవకుండా చదివిన కాగితం 1971 నాటిది. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. రాసినవాళ్లలో కోపెన్‌హాగన్ నుంచి వచ్చిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్తా ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు చూశారు. అందులో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవాళ్లే. అంటే నాలుగున్నర వేలకు కాస్త తక్కువ. గుజరాత్, కేరళ, బీహార్ జిల్లాలతో కలిపి 50,915 మందిని చూసిన పెద్ద సర్వేలో మనవాళ్లదొక భాగం. మిగతాచోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల కనిపిస్తుంటే, మన తీరంలో అంగిలి మీద కనిపించింది.

ఆ పుటల్లో అంగిలి ఒక నేలలా కనిపిస్తుంది. ఎక్కడ తెల్లటి పొర కట్టింది, ఎక్కడ ఎర్రబారింది, ఎక్కడ బొడిపెలు లేచాయి, ఎక్కడ రంగు పోయి పాలిపోయింది అన్నదంతా విడదీసి రాశారు. చుట్ట కాల్చే మనిషిని అంత శ్రద్ధగా చూసిన రాత నాకు మరొకటి ఎదురుకాలేదు. నిజానికి విశాఖ వైద్యులు వాళ్లకంటే చాలా ముందే పసిగట్టారు. కినీ, సుబ్బారావు 1937లోనే ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. 1957లో గోవిందరెడ్డి, రావు రాసిన వ్యాసం పేరులోనే మండే కొసను నోట్లో పెట్టుకునే చుట్ట ఉంది. తర్వాత సర్వే బృందం మళ్లీ ఊళ్లకు వచ్చి సినిమాలు, పోస్టర్లు, జానపద నాటకాలతో మానమని చెప్పింది. మూడు జిల్లాల్లో 36,000 మందితో జరిగిన ఆ ప్రయత్నం ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి.

వాళ్ల భయం ఉత్తది కాదు. అమ్మమ్మ అక్కను మేం పెద్దమ్మమ్మ అనేవాళ్లం. అంగిలి మీద పుండుతో పోయింది. చివర్లో గంజి కూడా గొంతు దిగలేదు. ఆఖరి వారంలో కూడా చుట్ట ఇమ్మని సైగ చేసింది. అమ్మమ్మ చుట్టి, ముట్టించకుండా చేతిలో పెట్టింది.

ఆ సైగ ఏ వైద్య పత్రికలోనూ ఉండదు, ఉండనవసరం లేదు కూడా. అది రాయాల్సింది మాలాంటి రాసేవాళ్లే. గురజాడ పుణ్యాన గిరీశం చుట్ట ఇంటింటా తెలుసు. మగాడి చుట్టకు దర్జా ఉంది, వాదం ఉంది, పద్యం ఉంది. అరుగు మీద కూర్చున్న ఆడమనిషి పొగకు మాత్రం రోగమే చరిత్ర అయింది.

పొగాకుదీ మద్యానిదీ చరిత్ర కాస్త చెప్పాలి, జాగా తక్కువ. పొగాకు పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. గోదావరి లంకల ఒండ్రులో పెరిగి లంక పొగాకై పేరు తెచ్చుకుంది. పొగాకు బయటి నుంచి వచ్చినా, కల్లునిచ్చే తాటిచెట్టు మాత్రం మనదే. కల్లు గీసే యాత, సెగిడి, శ్రీశయన కులాలవాళ్లు ఈ జిల్లా ఊళ్లన్నిటా ఉన్నారు. మద్యం చరిత్రలో ఆడవాళ్ల మాటా ఉంది: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది.

పీపాలో ఏళ్లు, కుండలో గంటలు

బోర్బన్‌కు అమెరికా చట్టం పెట్టిన షరతులు గట్టివి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే ఊరాలి. స్ట్రెయిట్ బోర్బన్ అనాలంటే కనీసం రెండేళ్లు. ఆ మాడిన చెక్కే రంగునూ తీపి వాసననూ ఇస్తుంది. తాటికల్లుది తిరుగుదారి. చెట్టు మీద కుండలో పడుతుండగానే గాలిలోని ఈస్టుతో పులియడం మొదలవుతుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నం ఘాటు, సాయంత్రానికి పులుపు. కుండకు సున్నం రాస్తే పులుపు ఆగి తీపి నిలుస్తుంది. అందుకే కల్లు రుచి తెలిసినవాళ్లు చెట్టు కిందకే వెళ్తారు.

నేల రాలిన పండు

ఏప్రిల్, మే నెలల్లో ఉద్దానం తోటల్లో జీడిమామిడి పండ్ల వాసన కమ్ముకుంటుంది. గింజ పలాస బట్టీలకు వెళ్తుంది, పండులో ఎక్కువ భాగం నేల పాలవుతుంది. గోవాలో ఇదే పండు రసాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి ఫెనీ తీస్తారు. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని పడగొట్టింది. మళ్లీ నాటిన చెట్ల పండుకైనా ఒక దారి చూపిస్తే బాగుండునని నా కోరిక. ఫెనీయే కానక్కర్లేదు, రసమైనా చాలు.

మళ్లీ చుట్ట దగ్గరికి వస్తే, ఈ ప్రయాణంలోనే నౌపడ ఉప్పుమళ్లు దాటి సముద్రం వైపున్న ఒక ఊళ్లో, సాయంత్రం ఒక పెద్దావిడ ఇంటి ముందు కూర్చున్నాను. కూతురు చుట్ట ముట్టదు. మనవరాలికి ఆ వాసనే పడదు. ఆవిడ మాత్రం మానలేదు. డాక్టరు చెప్పిన సంగతి తనకు తెలుసంది. ఇందులో ఏం బాగుంటుందని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

"సుట్ట నోట ఉన్నంతసేపూ నన్నెవులూ మాటాడించరు బాబూ."

తెల్లారి లేచింది మొదలు అత్తకీ మొగుడికీ పిల్లలకీ బదులు చెప్పిన నోరది. దానికి దొరికిన విరామం ఒక చుట్ట పొడవు.

జేబులోని సిగార్ తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని వేళ్లతో మెల్లగా నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి నొక్కి, ఆకు చప్పుడు విన్నది. వాసన చూసింది. పైఆకు మంచిదంది. లోపల మరీ బిగించేశారంది. ధరెంతని అడిగితే ఉన్నదే చెప్పాను. ఏమీ అనకుండా నా చేతిలో పెట్టేసి, రొండిన ఉన్న తన చుట్ట తీసి ముట్టించింది. రెండు దమ్ములు లాగి తిప్పుకుంది. పెదాలు మూసుకున్నాయి.

అడగాల్సినవి ఇంకా నాలుగు ఉన్నాయి. పుస్తకం మూసి, ఆవిడ పొగ అయ్యేదాకా పక్కన కూర్చున్నాను.