పొరుగూరి మ్యాచ్‌కు వెళ్దాం రండి



ఈసారి మన పాఠం గుడి తరగతిలో కాదు, రోడ్డు మీద. డర్బన్ నుంచి సొవేటో వెళ్ళాలి. అక్కడ అమజులూ, కైజర్ చీఫ్స్ ఆట చూడాలి. అదే రాత్రి ఇంటికి తిరిగి రావాలి.

ముందు ఒక మాట నేర్చుకుందాం. మన జట్టు మన ఊళ్ళో ఆడితే "సొంత మైదానం" అంటాం. మరి ఎదుటివాళ్ళ ఊళ్ళో ఆడితే? "పరాయి మైదానం" అనవచ్చు. పరాయి అంటే మనది కానిది. కానీ నాకు "పొరుగూరు" అనే మాట ఇష్టం. పొరుగు అంటే పక్కన ఉన్నది. సుమారు 570 కిలోమీటర్లు పక్కనా అని నవ్వకండి. పొరుగూరికి మనిషి చుట్టంలా వెళ్తాడు. పరాయి ఊరికి భయపడుతూ వెళ్తాడు. ఈ తేడా గుర్తుంచుకోండి, దారిలో పనికొస్తుంది.

ఆట మధ్యాహ్నం మూడు గంటలకు అనుకోండి. తెల్లవారుజామున ఐదింటికి కాంబీ కదలాలి. డ్రైవర్లు ఇద్దరు ఉండాలి. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు నిద్రపోవాలి. ఆకుపచ్చ చొక్కాతో పాటు స్వెటర్ కూడా పెట్టుకోండి. మన సముద్రపు గాలికి అలవాటుపడిన ఒంటికి అక్కడి సాయంత్రం చలి తెలుస్తుంది.

ఎన్3 రోడ్డు మీద పీటర్‌మారిట్స్‌బర్గ్, మూయి రివర్ దాటాక డ్రాకెన్స్‌బర్గ్ కొండలు కనిపిస్తాయి. కొండల మధ్య దారిని తెలుగులో "కనుమ" అంటారు. వాన్ రీనెన్ కనుమ ఎక్కితే క్వాజులు-నటాల్ అయిపోతుంది, ఫ్రీ స్టేట్ మొదలవుతుంది. కాసేపటికి హారిస్మిత్ వస్తుంది. అక్కడ కాంబీ ఆపండి. టీ తాగండి. పిల్లలను కాళ్ళు చాచుకోనివ్వండి.

ఈ ఆగడం చిన్న విషయం కాదు. ఫ్రీ స్టేట్‌లో 1891లో ఒక చట్టం చేశారు. భారతీయులు అక్కడ స్థిరపడకూడదు, వ్యాపారం చేయకూడదు, వ్యవసాయం చేయకూడదు. ఆ నిషేధం 1986లో గానీ పోలేదు. మన పెద్దలు ఆ నేల మీదుగా దాటి పోవచ్చు, అక్కడ ఉండిపోకూడదు.

నా చిన్నతనంలో మా నాన్నగారు మమ్మల్ని జొహానెస్‌బర్గ్‌లో ఉన్న మేనత్త ఇంటికి తీసుకువెళ్ళేవారు. కనుమ దాటాక భోజనానికి కారు ఆపేవారు కాదు. మా అమ్మ ముందు సీటు నుంచి పులిహోర పొట్లాలు వెనక్కి అందించేది. కారు నడుస్తుండగానే తినేవాళ్ళం. "ఎందుకు ఆపరు నాన్నా?" అని అడిగితే, "ఇంకాస్త దూరం పోదాం" అనేవారు. అంతకంటే ఏమీ చెప్పేవారు కాదు. ఇప్పుడు అదే ఊళ్ళో మా అన్న కొడుకు ఆకుపచ్చ చొక్కా వేసుకుని పెట్రోలు బంకు దగ్గర బంతి తన్నుతాడు. ఎవరూ ఏమీ అడగరు. వాడికి ఈ కథ చెప్పాలి కదా!

"మనవాళ్ళకు అమజులూ ఎందుకు?" అని మీరు అడగవచ్చు. డర్బన్ భారతీయుల మధ్య 1928లో పుట్టిన మానింగ్ రేంజర్స్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చాట్స్‌వర్త్ స్టేడియం వాళ్ళ సొంత మైదానం. 1996–97లో ప్రీమియర్ సాకర్ లీగ్ మొదటి విజేత వాళ్ళే. శిక్షకుడు గోర్డన్ ఇగెసండ్. తరువాత ఆ జట్టు అమ్ముడుపోయింది, పేరు కూడా పోయింది. అప్పుడు కొందరు ఆటకు దూరమయ్యారు. కొందరు ఊరిలోనే ఉన్న ఇంకో జట్టును పట్టుకున్నారు. 1932లో పుట్టిన అమజులూ కూడా మన డర్బన్‌దే. 2020–21లో బెన్నీ మెకార్తీ శిక్షణలో లీగ్‌లో రెండో స్థానం తెచ్చుకున్న జట్టు.

ఎఫ్‌ఎన్‌బీ స్టేడియం దూరం నుంచి పెద్ద సొరకాయ బుర్రలా కనిపిస్తుంది. 2010 ప్రపంచ కప్ ఫైనల్ ఇక్కడే జరిగింది. ఇక్కడ అభిమానులను సాధారణంగా వేరువేరుగా కూర్చోబెట్టరు. మీ పక్కనే నలుపు, బంగారు రంగుల చొక్కా ఉంటుంది. వువుజెలా మీ చెవిలోనే మోగుతుంది. గని కార్మికుల టోపీని కోసి, రంగులు వేసిన మకరాపా మీ ముందు వరుసలో ఊగుతుంది. గోల్ పడితే గోల! జొహానెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పలుచన. రెండో సగంలో మన ఆటగాళ్ళు ఆయాసపడితే తిట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం నేను బడి టీచరులాగే మాట్లాడతాను. స్టేడియానికి ముందుగా చేరండి. 2001 ఏప్రిల్ 11న ఎల్లిస్ పార్క్‌లో చీఫ్స్, పైరేట్స్ ఆటకు జనం కిక్కిరిశారు. లోపలికి తోసుకువచ్చిన గుంపులో నలిగి 43 మంది చనిపోయారు. వాళ్ళు కూడా మనలాగే ఆట చూడడానికి ఇంటి నుంచి బయలుదేరినవాళ్ళే. గేటు దగ్గర తోపులాట కనబడితే పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి నడవండి. టికెట్టు డబ్బు పోతే పోనివ్వండి.

తిరుగు దారిలో గెలిచినవాళ్ళు పాడతారు, ఓడినవాళ్ళు నిద్రపోతారు. కనుమలో మంచు ఉంటే నెమ్మదిగా దిగండి. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

ఇప్పుడు ఇంటి పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ రోజుల్లో జొహానెస్‌బర్గ్ వెళ్తూ ఎక్కడ ఆగేవారో, ఎక్కడ ఆగేవారు కాదో అడగండి. వాళ్ళు చెప్పింది తెలుగులో మూడు వాక్యాలు రాయండి. తప్పులున్నా ఫరవాలేదు. వచ్చే తరగతికి తీసుకురండి, కలిసి దిద్దుకుందాం.