ఏ మేళాకు పోవాలి?

శ్రీకాళహస్తి అనగానే గుడి గుర్తుకొస్తుంది. గుడితో పాటు కలంకారీ కూడా గుర్తుకొస్తుంది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి కలం తయారు చేస్తారు. దాంతో బట్ట మీద బొమ్మలు గీస్తారు. అందుకే దీనికి కలంకారీ అని పేరు.

ఒకప్పుడు ఈ పని తెలిసినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. 1957లో ప్రభుత్వం ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. కమలాదేవి చటోపాధ్యాయ అందుకు పూనుకున్నారు. నేడు ఈ ఊళ్ళో ఎన్నో కుటుంబాలు కలంకారీ మీద బతుకుతున్నాయి. చాలామంది ఆడవాళ్ళు ఈ పని చేస్తున్నారు.

గీయడం వచ్చు. మరి అమ్మడం? చిక్కంతా అక్కడే ఉంది.

"ఢిల్లీ పక్కన మేళా అంట. లక్షల మంది వస్తారంట. పోదామా అక్కా?" అని ఒకరు అడుగుతారు. ఇద్దరూ అప్పు చేసి బయలుదేరతారు. అమ్ముడుపోతే సంతోషమే. పోకపోతే? బట్టల మూట మళ్ళీ ఇంటికే వస్తుంది. వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. అందుకే పోకముందే ఆలోచించాలి.

జనం వేరు, కొనేవాళ్ళు వేరు

మహాశివరాత్రికి శ్రీకాళహస్తిలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఊరంతా జనమే. కానీ వాళ్ళు వచ్చేది దర్శనానికి. వాళ్ళకు చిన్న బొమ్మో, చేతిసంచో కావాలి. వారాల తరబడి గీసిన రామాయణం తెరను ఆ తొక్కిసలాటలో ఎవరు నిలబడి చూస్తారు? అయితే ఇక్కడ ఒక లాభం ఉంది. రైలు ఛార్జీ లేదు, బస ఖర్చు లేదు. కాబట్టి చిన్న సరుకుకు తిరునాళ్ళు మంచిదే.

పెద్ద సరుకుకు వేరే చోటు చూడాలి. హర్యానాలో సూరజ్‌కుండ్ మేళా 1987లో మొదలైంది. అది ఫిబ్రవరిలో జరుగుతుంది. ఢిల్లీలో 'దిల్లీ హాట్' అనే సంత 1994 నుంచి ఉంది. అక్కడ చేతిపనివాళ్ళకు వంతులవారీగా అంగళ్ళు ఇస్తారు. మన దగ్గర హైదరాబాదులో శిల్పారామం ఉంది. ఇలాంటి చోట్లకు చేతిపని కోసమే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉంటారు.

ముందే లెక్క వేయాలి

ఒక లెక్క చూద్దాం. ఇద్దరు మేళాకు పోతున్నారు అనుకుందాం.

రైలు ఛార్జీలు 3,000 రూపాయలు
అంగడి బాడుగ 10,000 రూపాయలు
బస, తిండి 7,000 రూపాయలు
సరుకు రవాణా 2,000 రూపాయలు
మొత్తం 22,000 రూపాయలు

ఒక దుపట్టా ధర 2,500 రూపాయలు. బట్ట, రంగులు, కూలి కలిపి 1,800 అయింది. మిగిలేది 700. అంటే ఖర్చులు రావడానికే 32 దుపట్టాలు అమ్మాలి. ఆ 32వ దుపట్టాతోనే లాభం మొదలవుతుంది.

అదే ప్రభుత్వ మేళాలో అంగడి ఉచితంగా ఇచ్చి, ఛార్జీలు కూడా ఇచ్చారనుకోండి. ఖర్చు 9,000కు దిగుతుంది. 13 దుపట్టాలు అమ్మితే చాలు. కేంద్ర ప్రభుత్వ చేతిపనుల శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు ఇలాంటి చోట్ల పనికొస్తుంది. కార్డు లేనివాళ్ళు తీసుకోవాలి.

సొంత కూలిని లెక్కలో కలపడం మరిచిపోకూడదు. ఇంట్లోవాళ్ళ కష్టం ఊరికే రాలేదు. కూలి కలపకపోతే నష్టం కూడా లాభంలాగే కనిపిస్తుంది.

పక్క అంగడి ఎవరిది?

మిల్లులో అచ్చు వేసిన బట్టను కూడా కలంకారీ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. దాని ధర తక్కువ. పక్కనే అలాంటి అంగడి ఉంటే చేతితో గీసిన బట్టను ఎక్కువ ధరకు కొంటారా? తెలియనివాళ్ళు కొనరు. అందుకే సరుకును చూసి ఎంచుకుని పిలిచే మేళా మేలు. అమెరికాలోని శాంటా ఫే పట్టణంలో 2004 నుంచి ప్రపంచ జానపద కళల సంత జరుగుతోంది. అక్కడ కూడా దరఖాస్తులు చూసి కొందరినే ఎంచుతారు.

శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. వేరే చోట చేసిన సరుకును ఆ పేరుతో అమ్మకూడదని దాని అర్థం. ఈ సంగతి కొనేవాళ్ళకు చెప్పాలి. కరక్కాయ, పాలు, పటిక, బెల్లంలో ఊరిన ఇనుప నీళ్ళు ఎందుకు వాడతారో చెప్పాలి. ఒక కలం చేతిలో పట్టుకుని అక్కడే గీసి చూపిస్తే ఇంకా మంచిది.

కాలం చూసుకోవాలి

కలంకారీకి ఎండ కావాలి, మంచి నీళ్ళు కావాలి. బట్టను మళ్ళీ మళ్ళీ ఉతికి ఆరబెట్టాలి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఆ రోజుల్లో పని నెమ్మదిస్తుంది. ఫిబ్రవరి మేళాకు పోవాలంటే వానలకు ముందే చాలా సరుకు సిద్ధం కావాలి. సరుకు లేకుండా అంగడి తీసుకుంటే బాడుగ దండగ.

ఒప్పుకునే ముందు అడగండి

మేళా ఎవరు నడుపుతున్నారు? ఎన్ని రోజులు? బాడుగ ఎంత? మేళా ఆగిపోతే ముందు కట్టిన దుడ్లు తిరిగి ఇస్తారా? రాత్రి సరుకుకు కాపలా ఉందా? వాన పడితే పైకప్పు ఉందా? పోయిన ఏడు పోయినవాళ్ళు ఏమంటున్నారు?

దుడ్లు కడితే రసీదు తీసుకోండి. కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. మేళా పేరు, ఖర్చు, అమ్మకం రాయండి. ఏది బాగా పోయిందో, ఏది మిగిలిందో రాయండి. మళ్ళీ బట్టలు కావాలన్నవాళ్ళ పేరు, ఫోను నంబరు రాసుకోండి. ఆ వారంలో అమ్మకం తక్కువైనా, తర్వాత వచ్చే ఒక పెద్ద ఆర్డరు ఆ లోటు తీర్చవచ్చు. రెండు మూడేళ్ళు ఇలా రాస్తే ఏ మేళాకు పోవాలో ఆ పుస్తకమే చెబుతుంది.

పిలిచిన ప్రతి మేళాకూ పోనక్కరలేదు. లెక్క కుదరకపోతే "ఈసారి రాలేము" అని చెప్పండి. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఇంకో బట్ట గీసుకోవచ్చు.