సెలవుల నుండి తిరిగి రావడం కూడా ప్రయాణమే

దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన మొదటి ఉదయం ఉపాధ్యాయుల గదిలో వినిపించే మాటలు ఏటేటా ఒకే తీరుగా ఉంటాయి. "సెలవులు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు పోయాయో తెలియలేదు" అని ఒకరంటే, "ఇల్లు కడగడం, చుట్టాలు, పండుగ పనులు! బడికి వస్తేనే విశ్రాంతి" అని మరొకరు నవ్వుతారు. ఇన్ని రోజులు సెలవు అనుభవించినవారు అలసిపోయి తిరిగి రావడం వింతగా తోచవచ్చు. కానీ దీనికి స్పష్టమైన కారణాలు ఉన్నాయి. సెలవులో వెళ్లడం, ఉండడం, తిరిగి రావడం అని మూడు భాగాలు ఉంటాయి. మొదటి రెండింటికి మనం ఎన్నో ఏర్పాట్లు చేసుకుంటాము. మూడవదానికి ఒక్క పూట కూడా కేటాయించము. ఆ లోపం వల్ల కలిగే నష్టం మనతోనే ఆగదని నాకు ఒక పిల్లవాడు నేర్పాడు. ఆ సంగతి తరువాత చెబుతాను.

విశ్రాంతి అంటే ఏమిటి?

విశ్రాంతి సోమరితనం కాదు, హక్కు. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన విశ్వ మానవ హక్కుల పత్రంలోని 24వ అధికరణం వేతనంతో కూడిన సెలవులను ప్రతి మనిషి హక్కుగా పేర్కొన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన ఒడంబడిక, ఏడాది సేవకు కనీసం 3 పని వారాల సెలవు ఉండాలని నిర్దేశించింది.

అయితే సెలవు దొరికినంత మాత్రాన విశ్రాంతి దొరకదు. సబీనె సొన్నెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో, పని వల్ల కలిగిన అలసట తీరడానికి తోడ్పడే నాలుగు అనుభవాలను గుర్తించారు. పని గురించిన ఆలోచన మనసులో నుండి తొలగడం మొదటిది. శరీరం, మనసు సేదతీరడం రెండవది. పనికి సంబంధం లేని కొత్త విషయం ఏదైనా నేర్చుకోవడం మూడవది. తన కాలాన్ని తన ఇష్టప్రకారం గడుపుకోగలగడం నాలుగవది. ఈ నాలుగింటితో మన పండుగ సెలవులను పోల్చి చూడండి. ముఖ్యంగా గృహిణులైన ఉద్యోగినులకు ఆ నాలుగవది ఎంత అరుదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఒంటరిగా వెళ్లినప్పుడు

మా బళ్లారి నుండి హంపికి బడి పిల్లలను నేను ఎన్నోసార్లు తీసుకొని వెళ్లాను. కానీ ఏనాడూ హంపిని చూడలేదు. గజశాలలోని 11 గదులను లెక్కించడం కంటే పిల్లల తలలను లెక్కించడంతోనే నాకు పొద్దుపోయేది. అందుకే కొన్నేళ్ల క్రితం దసరా సెలవుల చివరిలో మూడు రోజులు హోసపేటలో బస చేసి, ఒంటరిగా హంపి చూడాలని నిశ్చయించుకున్నాను. "ఒక్కదానివే పోతావా? తోడుకు ఎవర్నన్నా పిలుచుకోరాదూ?" అని మా అత్తగారు అన్నారు. ఆమె మాటలో కోపం లేదు, భయమే ఉంది. బస చేసే చోటు, తిరిగి వచ్చే రోజు కాగితం మీద వ్రాసి ఆమె చేతికి ఇచ్చాను. ఆ కాగితాన్ని ఆమె దేవుని గూట్లో పెట్టుకున్నారు.

మొదటి రోజే మహానవమి దిబ్బ ఎక్కి ఒక గంట కూర్చున్నాను. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇక్కడి తొమ్మిది రోజుల ఉత్సవాన్ని విస్తారంగా వర్ణించాడు. మన దసరా సెలవులకు మూలమైన పండుగను అంత వైభవంగా జరిపిన నేల అది. దిబ్బ గోడల మీద చెక్కిన వేటగాళ్లను, నర్తకులను, గుర్రాలను తీరికగా చూశాను. ఎవరూ తొందరపెట్టలేదు. మరునాడు తుంగభద్ర దాటి ఆనెగొంది వెళ్లాను. మనం పుట్టి అని, అరిగోలు అని పిలిచే గుండ్రని పడవను కన్నడిగులు హరిగోలు అంటారు. నదుల మీద మాటలకు సరిహద్దులు ఉండవు కదా అనుకున్నాను.

ఒంటరి ప్రయాణపు గుణం ఇదే. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది మనమే. అలాగే జాగ్రత్త కూడా మనమే పడాలి. కొత్త ఊరికి పగటి వెలుగులో చేరుకునేలా బయలుదేరాలి. బస ముందుగానే కుదుర్చుకోవాలి. డబ్బు ఒకే సంచిలో ఉంచరాదు. అత్యవసర సహాయానికి 112, రైలులో సహాయానికి 139 సంఖ్యలను గుర్తుంచుకోవాలి. 45 ఏళ్లు నిండిన స్త్రీలకు రైళ్లలో కింది పడక కోటా ఉన్నది. కర్ణాటకలో నివసించే స్త్రీలకు రాష్ట్రంలో సాధారణ ప్రభుత్వ బస్సులలో ఉచిత ప్రయాణం 2023 జూన్ 11న ప్రారంభమైంది. ప్రయాణమంటే దూర దేశాలకే అనుకోనక్కరలేదు. 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న హోసపేట కూడా నాకు చాలింది.

నేను చేసిన తప్పు

మూడవ రోజు సాయంత్రం తిరిగి రావలసింది. మరునాడే బడి. "మరొక్క గంట" అనుకుంటూ చీకటి పడేదాకా విరూపాక్ష దేవాలయం దగ్గరే ఉండిపోయాను. ఇల్లు చేరేసరికి రాత్రి 11 దాటింది. పాఠం సిద్ధం చేసుకొని, బట్టలు సర్దుకొని పడుకునేసరికి ఒంటి గంట అయింది.

ఉదయం అయిదవ తరగతిలో సెలవుల ఇంటిపని చూపమని కన్నడంలో అడిగాను. మాది కన్నడ మాధ్యమపు బడి. పిల్లలలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఒక పిల్లవాడు లేచి, "పుస్తకం మా అవ్వోళ్ల ఊర్లో మర్చిపోయొచ్చినా టీచర్" అని తెలుగులో అన్నాడు. అలసటతో ఉన్న నాకు అది లెక్కలేనితనంగా తోచింది. తరగతిలో కన్నడంలో మాట్లాడమని ఎన్నిసార్లు చెప్పాలని గద్దించి, వాకిలి దగ్గర నిలబెట్టాను.

మధ్యాహ్న భోజన సమయంలో విషయం తెలిసింది. ఆ పిల్లవాడు తెల్లవారుజామున ఆదోని వైపు పల్లెలో బస్సెక్కి, బస్టాండు నుండి నేరుగా బడికి వచ్చాడు. ఏమీ తినలేదు. సెలవులన్నీ తెలుగులోనే గడిపినవాడికి ఆ క్షణాన కన్నడ మాట నోటికి రాలేదు. 1953లో బళ్లారి జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. నాటి నుండి ఈ సరిహద్దుకు అటూ ఇటూ బంధుత్వాలున్న ఇళ్ల పిల్లలు ప్రతి సెలవులకూ ఇలాగే వచ్చిపోతున్నారు. నా మాతృభాషలో మాట్లాడినందుకే నేను ఆ పిల్లవాడిని శిక్షించాను. మూడు రోజులలో కూడబెట్టుకున్న ప్రశాంతత మూడు గంటలు కూడా నిలవలేదు.

వాడిని పిలిచి, "తప్పు నాది నాయనా" అని తెలుగులోనే చెప్పాను. వాడు కాసేపు నా ముఖం చూసి, "మీరు కూడా ఊరికి పోయింటిరా టీచర్?" అని అడిగాడు.

తిరుగు దారి

ఆ రోజు నుండి సెలవుల చివరి రోజును ప్రయాణానికి వాడడం మానివేశాను. ఒక పూర్తి రోజు ఇంట్లో ఉండేలా తిరిగి వస్తున్నాను. దీనికి శాస్త్రీయమైన కారణం కూడా ఉన్నది. మన దేహంలోని గడియారపు సహజ ఆవృత్తి సగటున 24 గంటల కంటే కొంచెం ఎక్కువ. అందుచేత ఆలస్యంగా నిద్రపోవడం సులభంగా అలవాటవుతుంది, తొందరగా లేవడం అంత సులభంగా అలవాటు కాదు. సెలవులలో రెండు గంటలు జరిగిన నిద్ర ఒక్క రాత్రిలో మునుపటి వేళకు రాదు. బడి తెరవడానికి నాలుగైదు రోజుల ముందు నుండే రోజుకు 15, 20 నిమిషాలు ముందుగా పడుకోవడం, ఉదయం లేవగానే కొంతసేపు ఎండ వెలుగులో నడవడం మేలు చేస్తాయి.

రెండవది, పని వదిలి వెళ్లే ముందే తిరిగి వచ్చే దారి వేసుకోవాలి. మిగిలిపోయిన పనులు ఏవి, వాటిని ఏ రోజు చేయాలి అన్నది సెలవులకు ముందే ఒక పుస్తకంలో వ్రాసిపెడితే, అవి సెలవులలో మనసును అంతగా వేధించవు. తిరిగి వచ్చిన రోజు దేనితో మొదలుపెట్టాలో వెదుక్కోనక్కరలేదు.

మూడవది, మొదటి రోజు చిన్న పనులే పెట్టుకోవాలి. ముఖ్యమైన నిర్ణయాలను, లెక్కలు తేల్చడాన్ని, ఎవరినైనా మందలించడాన్ని రెండు రోజులు వాయిదా వేయడం ఉత్తమం. నా తరగతిలో ఇప్పుడు మొదటి రోజు ఇంటిపని అడగను. పిల్లలు తమ సెలవుల ముచ్చట్లను ముందు ఇంటి భాషలో చెబుతారు. తరువాత అవే ముచ్చట్లను అందరమూ కలిసి కన్నడంలో చెప్పుకుంటాము. మూడు నాలుగు రోజులలో బడి భాష తనంతట తానే వెనుకకు వస్తుంది. పిల్లలతో పాటు వారి భాష కూడా ప్రయాణం చేసి వస్తుందని మనం మరువరాదు.

ఇంత చేసినా సెలవుల మేలు చిరకాలం నిలుస్తుందని ఆశించకూడదు. జెస్సికా డి బ్లూమ్, ఆమె సహచరులు 2009లో పలు అధ్యయనాలను కలిపి పరిశీలించి, సెలవుల వల్ల ఆరోగ్యానికి, ఉల్లాసానికి కలిగే మేలు పనిలో చేరిన కొద్దికాలానికే కరిగిపోతుందని చూపారు. దీనిని బట్టి సెలవులు వృథా అనుకోరాదు. భోజనం చేసిన కొన్ని గంటలకే మళ్లీ ఆకలి వేస్తుంది. అంత మాత్రాన భోజనం వృథా అనము కదా. ఏడాదికొకసారి వచ్చే పెద్ద సెలవు మీదనే భారమంతా వేయక, వారానికి ఒక పూటనైనా పని తలపు లేకుండా గడపడం అవసరమని దీని భావం.

మా అత్తగారి దేవుని గూట్లో ఇప్పుడు కూడా నా ప్రయాణపు కాగితం ఉంటుంది. అందులో తిరిగి వచ్చే తేదీ కింద మరొక వాక్యం చేరింది: "మరునాడు ఇంట్లోనే." పాఠకులు తమ ప్రయాణపు కాగితాలలో ఈ వాక్యాన్ని చేర్చుకుంటే, వారికే కాక, మొదటి రోజు వారి ఎదుట నిలబడే మనుషులకు కూడా మేలు కలుగుతుంది.