నత్త కదలట్లేదా? పారేసే ముందు వాసన చూడండి
ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన మాట ఇది. రూమ్‌లో అక్వేరియం పెట్టుకున్న తమ్ముళ్లూ, ఆపిల్ నత్త ఒక రోజంతా కదలకపోతే చచ్చిందనుకోకండి. బయటికి తీసి వాసన చూడండి. చచ్చిందైతే కంపు భరించలేం. వాసన లేదంటే మళ్లీ నీళ్లలో వేసేయండి.

అసలు దాన్ని చంపేది చాలాసార్లు మనమే. చేపలకు తెల్లమచ్చలొస్తే వేసే మందుల్లో కొన్నిట్లో రాగి ఉంటుంది. ఆ మోతాదు చేప తట్టుకుంటుంది, నత్త తట్టుకోలేదు. నేనూ అట్లాగే మూడు పోగొట్టుకున్నా. సీసా మీద 'కాపర్' అని కనిపిస్తే చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి అక్కడే మందు వేయండి.

ఈ నత్తకు మొప్పతోపాటు ఊపిరితిత్తి కూడా ఉంది, గొట్టం పైకి చాపి గాలి పీలుస్తుంది. అందుకే నీళ్లపైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. మూత మాత్రం గట్టిగా పెట్టండి, లేదంటే రాత్రికి రాత్రి పాక్కుంటూ బయటపడుతుంది. ఎక్కువైతే కాలువలో వదలొద్దు. మలేషియా వరిపొలాల్ని తినేసింది దీని చుట్టమే.